ముసలితనము - ఒంటరితనము: తెలుగునాట పల్లెల, పట్టణముల చరిత్ర

తెలుగు పల్లెలలోని పాత పెంకుటిండ్లకు వీధివైపున రెండు అరుగులు కట్టుట ఆచారము. ఆ యరుగులు ఇంటికి అందము కొరకు కట్టినవి కావు. బాటసారి నడుము వాల్చుటకు, ఇరుగుపొరుగువారు కూర్చుండి మాటలాడుకొనుటకు, ముఖ్యముగా పొలము పనికి పోజాలని యింటిపెద్ద పగలెల్ల వీధిని చూచుచు గడపుటకు అవి ఉపకరించెడివి. దారిని పోవు ప్రతివాడును ఆ పెద్దను పలుకరించి పోవలసినదే. ఎవరి యెద్దు జబ్బుపడినది, ఎవరి చేను నీరు లేక యెండుచున్నది, ఎవరి పిల్లకు సంబంధము కుదిరినది, ఇవన్నియు ఆయనకు కూర్చున్నచోటనే తెలియుచుండెను. ముసలివానికి కూడు గుడ్డలతోపాటు, దినమునకు పదిమారులైనను వరుసపెట్టి పిలుచువారు కావలెనని ఆ యింటి కట్టుబడిలోనే మన పెద్దలు ఏర్పాటు చేసికొనిరి.

ఆడవారికి అరుగు లేదు. వారి అరుగు బావిగట్టు, చెరువుగట్టు. నీళ్ళు మోయజాలని ముసలమ్మ సైతము కోడలి వెంట చిన్న చెంబు పట్టుకొని పోయి అక్కడ గడియసేపు నిలుచుట కలదు. ఆ చెంబెడు నీళ్ళ కొరకే ఆమె పోయినదని ఎవరును అనుకొనరాదు.

నేడు ఆ యరుగులు చాలవరకు పోయినవి. వీధికి సిమెంటు రోడ్డు వేసినపుడు కొన్నియు, పెంకుటిల్లు తీసి డాబా కట్టినపుడు కొన్నియు పోగా, వాని స్థానమున ప్రహరీగోడయు ఇనుప గేటును వచ్చినవి. కుళాయి ఇంటిలోనికి వచ్చినది. అది గొప్ప సుఖము, సందేహము లేదు. ఐనను కుళాయితోపాటు బావిగట్టు ఇంటిలోనికి రాలేదు.

ఇంతమాత్రముచే పూర్వకాలమున వృద్ధులందరును సుఖముగా ఉండిరని తలచుట పొరపాటగును. మొదటి మాట, ఆనాడు వృద్ధుల సంఖ్యయే తక్కువ. 1961 జనాభా లెక్కలలో దేశమంతటను అరువదేండ్లు నిండినవారు సుమారు 2 కోట్ల 47 లక్షలు. 2011 నాటికి వారు 10 కోట్ల 38 లక్షలైరి. 1941-51 దశకమున సగటు ఆయుర్దాయము 32 సంవత్సరములు మాత్రమే. పసిబిడ్డలు విశేషముగా మరణించుటచే ఆ సగటు అంత తగ్గినది కాని, ముప్పది రెండేండ్లకే అందరును చనిపోయిరని దాని అర్థము కాదు. ఏమైనను, ఊరికి పదిమంది ముసలివారున్నపుడు వారిని పెద్దలుగా చూచుకొనుట ఊరికి భారము కాదు.

రెండవ మాట, అరుగు గల యింటివానికే అరుగు. పాలేరునకును, కూలివానికిని ముసలితనమున కూర్చుండు తీరికయే లేకుండెను. చేయి ఆడినంతకాలము పని, ఆడనినాడు పస్తు. ఊరికి దూరముగా పెట్టబడిన పల్లెలలో నివసించువారు, వయసు ఎంత మీరినను, ఊరిలోని రచ్చబండపై కూర్చుండుటకు నోచుకొనలేదు. అగ్రవర్ణములలోని వితంతువుల బ్రదుకు మరియొక తీరు. ఇంటినిండ జనమున్నను వారిది ఏకాంతవాసమే. శుభకార్యములకు ఎదురుపడరాదు, పదిమందిలో కూర్చుండరాదు, వంటయింటి వెనుకనున్న చీకటిగదియే వారి ప్రపంచము. వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించి యువతులకు దారి చూపిరి. ఆ సంస్కరణ వచ్చునాటికే ముదుసళ్ళైన వారికి మాత్రము ఆ దారి ఉపకరింపలేదు. వారిలో కలిగినవారు కొందరు కాశీవాసమునకు పోయిరి. పుణ్యము కొరకు పోయినవారు ఎందరో, ఇంటిలో పలుకరించువారు లేక పోయినవారు ఎందరో లెక్కించినవారు లేరు.

దిక్కులేని వృద్ధులను ప్రభుత్వము మొట్టమొదట పేరుపేరున వ్రాసికొన్నది కరవుకాలముననే. గుంటూరు మండలమును 1832-33లో నాశనము చేసిన డొక్కల కరవునందు, కాలిలో బలము గలవారు మద్రాసు దారి పట్టిరి. నడువలేనివారు వెనుక మిగిలిరి. నలువది యేండ్ల తరువాత 1876-78లో వచ్చిన ధాత కరవు దత్తమండలములను కబళించెను. పిమ్మట ఏర్పడిన కరవు కమీషను 1880లో తన నివేదికను ఇచ్చెను. దానిననుసరించి వచ్చిన కరవు నిబంధనలలో, పని చేయగలవారికి పనియు, పని చేయలేని వృద్ధులకును వికలాంగులకును ఉచిత సహాయమును ఈయవలెనని విధించిరి. ఊరిలో ఎవరికి ఎవరును లేరో విచారించి జాబితా వ్రాయుట గ్రామోద్యోగుల వంతైనది. పూర్వము ఊరందరికి తెలిసిన విషయమే తొలిసారిగా సర్కారు కాగితము మీదికి ఎక్కెను. కరవు తీరిన వెనుక ఆ కాగితములు అటకెక్కెను. వృద్ధుల యవసరము మాత్రము తీరలేదు.

కరవు లేని యేడులను సైతము పల్లెలను ఖాళీ చేయుచు వచ్చినది వలస. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమునుండి ఉత్తర కోస్తా జనులు మారిషసునకు, నేటాలునకు కూలి ఒడంబడికలపై పోయిరి. బర్మాకు అంతకంటె విశేషముగా పోయిరి. విశాఖపట్టణము, కాకినాడ మున్నగు రేవులనుండి పొగయోడలెక్కి రంగూను చేరి, రేవులలో మూటలు మోసియు, బియ్యపు మిల్లులలో పనిచేసియు సంపాదించిన సొమ్మును ఇంటికి పంపుచుండిరి. భారతదేశమున 1880లో ప్రారంభమైన మనియార్డరు పద్ధతి తపాలాబంట్రోతును పల్లె వృద్ధులకు ఆప్తబంధువుగా చేసెను. డబ్బు చేతికిచ్చి వ్రేలిముద్ర వేయించుకొనుటే కాక, దానితో వచ్చిన చీటిముక్కను చదివి వినిపించుటయు ఆయన పనియే. కొడుకు క్షేమము ఆ బంట్రోతు గొంతుతోనే తల్లి చెవిని పడుచుండెను. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినపుడు లక్షలకొలది భారతీయులు అడవుల వెంటను కొండల వెంటను నడచి వచ్చిరి. దారిలో చనిపోయినవారు పలువురు. వారి సమాచారము తెలియక వీధిగుమ్మమున ఎదురుచూచుచు ముసలివారైన తల్లిదండ్రుల కథలు ఉత్తర కోస్తా పల్లెలలో చిరకాలము నిలిచినవి.

తెలంగాణమున పాలమూరు మండలపు వడ్డెరలు, కూలీలు దేశమంతట ఆనకట్టలకును కాలువలకును మట్టి మోసిరి. ఏడాదిలో ఎనిమిదినెలలు గుడిసెలకు తడికలు అడ్డముపెట్టి పోవువారు చిన్నపిల్లలను ముసలివారికి అప్పగించి పోవుదురు. ఆ ముసలివారిని ఎవరికి అప్పగించి పోయిరన్న ప్రశ్న మాత్రము అడిగినవారు అరుదు.

వలస సంగతి ఇట్లుండగా, ఊరిలోనే ఉన్న కొడుకులచేత ఒంటరులైనవారి సంగతి వేరు. ఉమ్మడి కుటుంబము విడిపోయినపుడు పొలము, పశువులు, ఇల్లు, వాకిలి పంచుకొందురు. చివరకు తల్లిదండ్రులను సైతము పంచుకొందురు. దీనిని వంతులని పిలుచుట తెలుగునాట అందరు ఎరిగినదే. నెలకొక కొడుకు వద్ద, పండుగకు పండుగకు మార్చి, లేదా తండ్రి పెద్దవాని వద్దను తల్లి చిన్నవాని వద్దను, ఏదో యొక తీరున పెద్దమనుష్యులు తీర్పు చెప్పుదురు. అన్నము విషయమున ఈ తీర్పు న్యాయమైనదే కావచ్చును. కాని యేబది సంవత్సరములు ఒక్క పొయ్యి దగ్గర బ్రదికిన దంపతులను ముసలితనమున రెండు వీధులకు విడదీసిన తీర్పునకు న్యాయమను పేరు చెల్లునా? వంతు ముగిసిన దినమున బట్టలమూట చంకబెట్టుకొని ఒక కొడుకు గుమ్మమునుండి మరియొక కొడుకు గుమ్మమునకు పోవు తల్లికి, నెలరోజులకు మించి తనదని చెప్పుకొనదగిన మంచము లేదు. నాల్గిండ్ల వంతు గల ముసలివారిలో ఎవరి యింటిలోను లేనివారే యెక్కువ.

చట్టము ఈ విషయమున మెల్లగా ముందుకు వచ్చెను. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము వృద్ధులైన తల్లిదండ్రులను పోషించుట కొడుకుతోపాటు కూతురికిని విధియని చెప్పెను. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 125వ సెక్షను అన్ని మతములవారికిని వర్తించునట్లు తల్లిదండ్రుల మనోవర్తిని చేర్చెను. 2007లో పార్లమెంటు వృద్ధుల పోషణ, సంక్షేమముల కొరకు ప్రత్యేక చట్టము చేసెను. దాని ప్రకారము వకీలు లేకయే వృద్ధులు ట్రిబ్యునలు నాశ్రయింపవచ్చును. నెలకు 10,000 రూపాయలవరకు భరణము విధింపవచ్చును. చూచెదమని మాటయిచ్చి ఆస్తి వ్రాయించుకొని, పిదప చూడనివారి దస్తావేజును రద్దుచేయింపవచ్చును. ఈ చివరి నిబంధన విశేషమైన మేలు చేసినది. ఐనను కన్నకొడుకుపై దరఖాస్తు పెట్టుటకు ఎందరు తల్లులకు మనసొప్పును? మనసొప్పి పెట్టినను, ట్రిబ్యునలు అన్నమును ఇప్పింపగలదు, ఔషధమునకు సొమ్మిప్పింపగలదు. సాయంకాలము ప్రక్కన కూర్చుండి ఒక మాట మాటలాడుమని ఉత్తరువు ఈయజాలదు.

ఇంగ్లండునందు పీటర్ టౌన్సెండ్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు లండను తూర్పుభాగమున బెత్నల్ గ్రీను అను శ్రామికుల పేటలో 203 మంది వృద్ధులను కలిసికొని మాటలాడి 1957లో ఒక గ్రంథము ప్రకటించెను. ఏకాకితనము వేరు, ఒంటరితనము వేరని ఆయన చేసిన విభాగము మనకును ఉపకరించును. మనుష్యులతో రాకపోకలు తక్కువగా నుండుట ఏకాకితనము. తనకు ఎవరును లేరని మనసునకు తోచుట ఒంటరితనము. మొదటిది ఉన్నచోటనెల్ల రెండవది ఉండనక్కరలేదు. ఉన్న తోడును క్రొత్తగా పోగొట్టుకొన్నవారికే, అనగా భార్యయో భర్తయో పోయినవారికి, బిడ్డలు దూరమైనవారికి, ఒంటరితనపు బాధ మిక్కుటమని ఆయన కనుగొనెను. పొలము గట్టున పాకలో ఒక్కడే యుండు కాపలా తాత నిశ్చింతగా ఉండవచ్చును. ఇంటినిండ మనుమలున్న నాయనమ్మ ఒంటరిది కావచ్చును.

పట్టణములలోని వృద్ధుల సంగతి విచారించునపుడు ఈ భేదము స్పష్టముగా తెలియును. 1970 తరువాత కరీంనగరము, నిజామాబాదు, కడప, కోనసీమలనుండి గల్ఫు దేశములకును, 1990 తరువాత కృష్ణా, గుంటూరు మండలములనుండియు హైదరాబాదునుండియు అమెరికాకును యువకులు పెద్దసంఖ్యలో తరలిపోయిరి. అంతకుమించి, జిల్లాలనుండి హైదరాబాదునకే పోయి స్థిరపడినవారు లెక్కకు మిక్కిలి. ఊరిలో భార్య పోయిన తండ్రిని కొడుకు ప్రేమతోనే నగరమునకు తీసికొనిపోవును. అయిదవ అంతస్తులో గాలి వెలుతురు గల గది ఇచ్చును. ఉదయము ఎనిమిదింటికి కొడుకును కోడలును ఉద్యోగములకును, పిల్లలు బడికిని పోయిన వెనుక ఆ తలుపు మూతపడును. ఎదుటి వాకిలిలో ఎవరున్నారో తెలియదు. ఊరిలో అందరికిని పెదనాన్నయో మామయ్యయో అయిన మనిషి ఇక్కడ ఫలానా ఫ్లాటువారి తండ్రి. వాచ్‌మనుతో రెండు మాటలు మాటలాడుటకు లిఫ్టు దిగి పోవును. ఆ వాచ్‌మను తరచుగా తనవలెనే పల్లెనుండి వచ్చినవాడగుటచే వారిరువురకు వానల సంగతి ముచ్చటించుకొనుటకు వీలు కలుగును. నగరములలోని పార్కుల బల్లలపై సాయంకాలము కూర్చుండు వృద్ధులలో ఇట్టివారు పలువురు. వారి మాటలలో నగరపు విషయము కంటె విడిచివచ్చిన ఊరి విషయమే ఎక్కువ వినబడును.

ఇక పల్లెలలోనే మిగిలినవారు. నగరమున ఒంటరితనము, పల్లెయందు బంధుబలగము అనునది లోకమున పాతుకొనిన అభిప్రాయము. అంకెలు దానికి విరుద్ధముగా నున్నవి. 2017-18లో లాసీ యను పేర దేశవ్యాప్తముగా వృద్ధులను గూర్చి జరిగిన సర్వేలో, పూర్తిగా ఒంటిగా నివసించు వృద్ధులు పట్టణములలో నూటికి సుమారు నలుగురుండగా, పల్లెలలో ఆరుగురు తేలిరి. కారణము వెదకిన కనబడనిది కాదు. యౌవనములో ఉన్నవారు పల్లె విడిచి పట్టణము చేరిరి. వృద్ధులు పల్లెలోనే మిగిలిరి. 2011 లెక్కలలో దేశమందలి వృద్ధులలో నూటికి డెబ్బదియొక్కరు పల్లెవాసులు. వారిలో ఆడవారి సంఖ్య మగవారి సంఖ్యను మించినది. భర్తకంటె వయసున చిన్నదగుటయు, ఆయుర్దాయము కొంత హెచ్చగుటయు చేత, ఒంటిగా మిగులుట స్త్రీ వంతే తరచుగా అగుచున్నది.

పింఛను సంగతి ఇక్కడ చెప్పవలెను. దేశమున మొదట ఉత్తరప్రదేశ్ 1957లో వృద్ధాప్యపు పింఛను ప్రారంభించెను. కొలది కాలమునకే ఆంధ్రప్రదేశ్ మున్నగు రాష్ట్రములు ఆ దారి పట్టెను. కేంద్రప్రభుత్వము 1995 ఆగస్టు 15న జాతీయ పథకమును ఏర్పరచి నెలకు 75 రూపాయలు ఇచ్చెను. 2014లో తెలుగు రాష్ట్రములు రెండును పింఛనును 1,000 రూపాయలు చేసినవి. తెలంగాణ 2019లో 2,016 రూపాయలకును, ఆంధ్రప్రదేశ్ 2024 జూలైలో 4,000 రూపాయలకును పెంచినవి. ఈ సొమ్ము వృద్ధులకు ఇంటిలో కొంత మాటచెల్లుబడిని తెచ్చినదనుట నిజము. మనుమనికి బిస్కత్తు కొనిపెట్టగల నాయనమ్మ వేరు, కొనిపెట్టలేని నాయనమ్మ వేరు.

ఐతే పింఛనునకు మరియొక ఫలము కలదు. పంచాయతీ కార్యాలయము వద్ద పింఛను ఇచ్చు దినమున ఊరిలోని ముసలివారందరును ప్రొద్దుటనే చేరి, చెట్టునీడను గంటలకొలది కూర్చుండెడివారు. పొలము పనితో వ్రేలిముద్రలు అరిగిపోయి యంత్రము గుర్తింపకున్నచో మరల మరల వ్రేలు పెట్టి విసుగుకొనెడివారు. ఎండలో ఆ నిరీక్షణ బాధాకరమే. ఆంధ్రప్రదేశమున 2020 ఫిబ్రవరి నుండి పింఛను ఇంటివాకిటికి తెచ్చియిచ్చు పద్ధతి వచ్చినపుడు ఆ బాధ తీరెను; మంచము పట్టినవారికి అది ప్రాణదానమే. కాని కాలు కదలగల వృద్ధులకు, నెలకొక్కమారు ఈడువారినందరిని చూచుకొను సందర్భము దానితోనే తప్పిపోయెను. ఒక మేలు చేయునపుడు మరియొక మేలు జారిపోవుట పాలకులకు కనబడదు. కాగితమున వ్రాయబడని మేలు కదా అది. ఇదే తీరున, అనంతపురము జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైన ఉపాధి హామీ పనికి వయసు మళ్ళినవారు పోవుటను చూచి, ఈ ముసలివారికి పనియెందుకని పరిహసించినవారు కలరు. పదిమందితో కలిసి తట్ట ఎత్తుటలో కూలితోపాటు తోడును కలదని ఆ పరిహాసకులు ఎరుగరు.

వృద్ధాశ్రమములు మన దేశమునకు క్రొత్తవి కావు. క్రైస్తవ సన్యాసినుల సంఘమైన లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ 1882లోనే కలకత్తాలో వృద్ధుల గృహమును స్థాపించెను. తరువాత సికిందరాబాదునందును వారి గృహము వెలసెను. అవి నాడు ఎవరును లేనివారికి. నేడు వెలయుచున్నవానిలో పెక్కింటిలో అందరును ఉన్నవారు చేరుచున్నారు. దీనిని సమాజ పతనమని నిందించుట సులభము. కాని దూరదేశమున నున్న కొడుకు పంపు సొమ్ముతో పనిమనిషి నీడను ఒంటిగా గడపుటకంటె, ఈడువారితో కూడి భోజనము చేయుటయే మేలని తామై కోరి పోయినవారును కలరు. 2020లో కోవిడు వ్యాధి వ్యాపించి రాకపోకలు ఆగినపుడు, ఇంటిలో ఒంటిగా నున్నవారికంటె అట్టివారు కొంత ధైర్యముగా నుండిరి. నిందింపవలసినది ఆశ్రమమును కాదు, అడుగక అక్కడ వదలివచ్చుటను.

కన్నును చెవియును చెడుటవలన కలుగు ఏకాకితనమును అందరును ఉపేక్షింతురు. శుక్లము తీయించుకొనుట నేడు సుకరమైనది. 1976లో ప్రారంభమైన అంధత్వ నివారణ పథకమువలన పల్లెలలో ఎందరో మరల చూపు పొందిరి. చెవికి ఆ భాగ్యము పట్టలేదు. చెవుడు వచ్చినవానిని ఇంటివారు మొదట బిగ్గరగా పిలుతురు, పిదప విసుగుకొందురు, తుదకు పిలుచుటయే మానుదురు. అతడును ఏమని మరల మరల అడుగుటకు సిగ్గుపడి, నలుగురు నవ్వినపుడు తానును నవ్వి యూరకుండును.

1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘమేర్పడిన నాటినుండి ఆంధ్రదేశపు పఠనమందిరములలో పత్రికను ఒకరు బిగ్గరగా చదువగా పదిమంది వినుట ఆచారమైనది. చదువురాని వృద్ధులు దానిచే లోకవృత్తాంతము తెలిసికొనిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో గ్రంథములు పెట్టి కాలువ వెంట ఊరూరికి నడిపించుట సైతము, గ్రంథాలయమునకు రాలేనివారి వద్దకు గ్రంథాలయమే పోవలెనను తలంపుతోనే. గుమ్మము దాటలేని ముసలివారికి ఇంటికి పుస్తకమును చదువరిని పంపు ఏర్పాటు ఆ తలంపునకు తరువాతి మెట్టు కాదగినది. పఠనమందిరములలో ఆడవారి బల్ల ఖాళీగా నుండుటయు విచారింపదగిన విషయమే. ముసలమ్మలు దేవాలయమునకు వచ్చినంత ధారాళముగా గ్రంథాలయమునకు రారు. రమ్మని పిలిచినవారును తక్కువ.

ప్రొద్దుట పత్రికలు రాకమునుపే పల్లె గ్రంథాలయపు మెట్లపై నలుగురైదుగురు వృద్ధులు వచ్చి కూర్చుండుట నేటికిని చూడవచ్చును. వారిలో ఒకనికి కళ్ళజోడు సరిపోదు. ప్రక్కవాడు శీర్షికలు చదివి వినిపించును. ఒకనికి రాజకీయము కావలెను, ఒకనికి వానల సమాచారము, ఒకనికి మిర్చి ధర. ఎవరి కుర్చీ వారికి వాడుకగా ఏర్పడి యుండును. తొమ్మిది దాటినను ఆ కుర్చీ ఖాళీగా నున్నచో, ఈయన నేడు రాలేదేమని ఎవరో ఒకరు అడుగుదురు. మరి కొంతసేపు చూచి, బడికి పోవు కుఱ్ఱవానిని పిలిచి, దారిలో ఆ యింటి తలుపు తట్టి చూచి పొమ్మని పంపుదురు.